మా ఊళ్లో క్వియర్ షార్ట్ ఫిల్మ్స్ వేయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

విజయవాడలో ఓ నలభై మందిని పిలిచి క్వియర్ షార్ట్ ఫిల్మ్స్, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్ల కథల చిన్న సినిమాలు, వేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి, గొడవలేమైనా అవుతాయా అని అడిగారు. హైదరాబాద్‌లో ఇలాంటివి మూడు చేసిన బృందంలో నేనూ ఉన్నాను. గొడవల సంగతి తర్వాత చెప్తాను. ముందు సబ్‌టైటిల్స్ గురించి చెప్పాలి, మేం మొదటిసారి బోల్తా పడింది అక్కడే.

మొదటి షో బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో. చాయ్, సమోసా దొరికే చోటు, ఎవరొచ్చినా ఎవరూ వింతగా చూడరు. హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ కలిపి ఆరు సినిమాలు, అన్నిటికీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. ఐటీ వాళ్లు, యూనివర్సిటీ పిల్లలు హాయిగా చూశారు. వెనక వరసలో పది పన్నెండు మంది ట్రాన్స్ మహిళలు, వాళ్లతో వచ్చిన కోతీలు (మగపిల్లలుగా పుట్టి ఆడతీరుగా ఉండేవాళ్లు తమను పిలుచుకునే పేరు) కూర్చున్నారు. మేమే పనిగట్టుకుని పిలిచాం. మొదటి సినిమా 'సిసక్', 2017లో ఫరాజ్ ఆరిఫ్ అన్సారీ తీసింది. ముంబయి లోకల్ రైల్లో ఇద్దరు మగవాళ్ల చూపులే కథంతా, ఒక్క డైలాగు లేదు. అది అందరూ కదలకుండా చూశారు. రెండో సినిమా సగంలో ఒకరు, కాసేపటికి ముగ్గురు, చాయ్ తాగొస్తామని లేచారు. మళ్లీ రాలేదు. చివర్లో చర్చ పెట్టుకుని 'కమ్యూనిటీ' అన్న మాట ఓ ఇరవైసార్లు వాడాం. అప్పటికి వెనక వరస ఖాళీ.

అందుకని రెండో షోకి తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాశాం. రెండు రాత్రుల పని అనుకున్నాను, మూడు వారాలు పట్టింది. మన క్రియకు లింగం అంటుకుని ఉంటుంది, ఇబ్బందంతా దానితోనే. ఒక మలయాళం సినిమాలో అమ్మాయి తన ప్రేమ సంగతి అన్నకు చెప్తుంది. ప్రేమించింది ఇంకో అమ్మాయినని చివరిదాకా బయటపడదు. మలయాళం క్రియలో ఆడ, మగ తేడా ఉండదు కాబట్టి వాళ్లకు సులువు. మనకు 'వచ్చాడు' అంటే అబ్బాయి, 'వచ్చింది' అంటే అమ్మాయి, 'వచ్చారు' అంటే మామగారు వచ్చినట్టుంటుంది. 'తను' అని మొదలుపెట్టినా చివర క్రియ దగ్గర దొరికిపోతాం. ఆఖరికి వాక్యాలే తిప్పేశాం. 'నిన్న తనతో మాట్లాడాను', 'తనంటే నాకిష్టం', ఇలా. 'తను' కర్త కాకుండా చూసుకుంటే గుట్టు దాగుతుంది.

పేపర్లు రాసే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట మేం వాడలేదు. ప్రేమకథ మధ్యలో ఆ మాట పడితే కేసు ఫైలు చదువుతున్నట్టుంటుంది. గే, లెస్బియన్, ట్రాన్స్, హిజ్రా, ఇవే ఉంచాం.

షోకి వారం ముందు ఒక ట్రాన్స్ అక్కను కూర్చోబెట్టి అన్నీ చూపించాం. యాభై దాటిన మనిషి. ఒక తమిళ సినిమాలో తల్లి తన ట్రాన్స్ కూతురి గురించి మొదట్నుంచీ 'వాడు తిన్నాడా' అంటూ ఉంటుంది, చివర్లో మొదటిసారి ఆడపిల్ల గురించి అడిగినట్టు అడుగుతుంది. నేను 'ఆమె భోజనం చేసిందా?' అని రాశాను. అక్క ఆపేశారు. "ఆమె ఎవరు, పక్కింటామెనా? కన్నతల్లి అట్ల అడుగుతదా? 'అది తిన్నదా' అంటది."

నాకు చెయ్యి రాలేదు. రోడ్డు మీద వాళ్లను హేళన చేసేవాళ్లు వాడేది కూడా ఆ 'అది'నే కదా. అదే చెప్పాను. "మా అమ్మ మా చెల్లెను అట్లనే అంటది. నన్ను ఒక్కసారన్నా అంటదేమో అని చూసిన" అన్నారు. మార్చేశాం. షోలో ఆ లైను పడగానే వెనక వరస మొత్తం చప్పట్లు కొట్టింది. ముందు వరస వాళ్లు ఏం జరిగిందో అర్థంకాక వెనక్కి తిరిగి చూశారు.

టెక్నికల్‌గా ఒక్క మాట. సబ్‌టైటిల్ ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలవుతుంది. కొన్ని ప్లేయర్లలో ఒత్తులు విడిపోతాయి కాబట్టి సబ్‌టైటిల్స్ వీడియోలోనే అచ్చు వేయించి, షోకి వాడే ల్యాప్‌టాప్‌లోనే ఒకసారి మొత్తం చూసుకోండి. రెండు లైన్లు దాటనివ్వద్దు. అందరూ మనంత వేగంగా చదవరు.

ఇక మీ టెన్షన్ గురించి. హాలు వాళ్లు 'ఇది లీగలేనా' అని తప్పకుండా అడుగుతారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు గురించి, పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునే స్వలింగ సంబంధం నేరం కాదన్న తీర్పు గురించి, రెండు ముక్కలు చెప్పండి, చాలు. సెన్సార్ సంగతి వేరు. టికెట్ పెట్టి, పోస్టర్లు వేసి ఊరందర్నీ పిలిస్తే సర్టిఫికెట్ ప్రశ్న వస్తుంది. ముంబయిలో 2010లో మొదలైన క్వియర్ ఫిల్మ్ ఫెస్టివల్ కశిష్ లాంటి పెద్ద ఉత్సవాలు సర్టిఫికెట్ లేకుండా వేయడానికి కేంద్ర సమాచార, ప్రసార శాఖ అనుమతి తీసుకుంటాయి. మీరు ఎలా చేసినా తెలిసిన లాయర్‌ను ఒకసారి అడగండి. యూట్యూబ్‌లో ఉంది కదా అని వేసేయకండి, తీసినవాళ్లకు మెయిల్ పెట్టి అడగండి. మాకు దాదాపు అందరూ ఊరికే ఇచ్చారు.

మాకు జరిగిన గొడవ ఒక్కటే. రెండో షోకి మాట్లాడుకున్న హాలు వాళ్లు ముందురోజు రాత్రి ఫోన్ చేసి కుదరదన్నారు, కారణం చెప్పలేదు. స్నేహితురాలి డాబా మీద తెల్ల పంచె కట్టి దాని మీద వేశాం. కాబట్టి ఇంకో చోటు చేతిలో ఉంచుకోండి.

గుమ్మం దగ్గర సంతకాల రిజిస్టర్ మాత్రం పెట్టకండి. మేం పెట్టాం. ఒక పెద్ద హిజ్రా అమ్మ పెన్ను ముట్టలేదు. చదువు రాదేమో అనుకుని "నేను రాస్తానమ్మా" అన్నాను. "రాసుడు రాక కాదు బిడ్డా, రిజిస్టర్ల పేరంటేనే మాకు పడదు" అన్నారు. తర్వాత చదివితే తెలిసింది. నిజాం కాలం నాటి, 1919 చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఉంచమనేది, ఆడబట్టలతో బయట కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోనిచ్చేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. తలకాయలు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది, పేర్లెందుకు?

ఫోటోలు తీయొద్దని షో మొదలవకముందే మైకులో చెప్పండి, మధ్యలో ఒకసారి గుర్తు చేయండి. ఇంట్లో ఏ అబద్ధం చెప్పి వచ్చారో మనకు తెలియదు. టైము సాయంత్రం నాలుగుకు పెట్టండి. మేం ఏడుకు పెడితే లేడీస్ హాస్టల్ అమ్మాయిలు గేటు మూసేస్తారని ఆఖరి సినిమా చూడకుండానే వెళ్లిపోయారు, డాబా మీద చీకటి పడందే బొమ్మ కనిపించక మాకు వేరే దారి లేకపోయింది. మీకు హాలు దొరికితే ఆ బాధ ఉండదు.