పిల్లల కోసం స్కూలు మానేశాను... ఆరేళ్ల సర్వీసు పోయినట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. మావారి ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇక్కడే ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూల్లో 2017 జూన్ నుంచి 2023 ఏప్రిల్ దాకా 6, 7, 8 తరగతులకు లెక్కలు చెప్పాను. పాపను చూసుకునేవాళ్లు లేక మానేశాను. ఇప్పుడు పాపకు నాలుగేళ్లు, బాబుకు ఏడాదిన్నర. 2016లో పాసైన టీచర్ల అర్హత పరీక్ష సీటెట్‌కూ ఏడేళ్ల గడువు తీరిపోయింది. పక్క ఫ్లాట్ వాళ్లేమో ‘ఇంట్లో ఖాళీయేగా, ట్యూషన్లు చెప్పొచ్చుగా’ అంటున్నారు. మళ్లీ క్లాసులో నిలబడగలనా అని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు సీటెట్ బెంగ తీర్చేస్తానమ్మా. మీ సర్టిఫికెట్‌కు ఏమీ కాలేదు. ఏడేళ్ల గడువును 2021లోనే తీసేశారు. 2011 నుంచి పాసైన వాళ్లందరికీ అది జీవితాంతం చెల్లుతుంది. మీరు బోధించింది 6 నుంచి 8 తరగతులు కాబట్టి, రాసింది ఆ తరగతుల కోసం పెట్టే పేపర్-2 అయితే మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. మానేసేటప్పుడు గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు యాజమాన్యం ఇచ్చే సొమ్ము, తీసుకున్నారా? ప్రైవేటు స్కూలు టీచర్లలో చాలామంది అది తమకు రాదనే అనుకుంటారు. వస్తుంది. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి టీచర్లకూ వర్తింపజేశారు. 2022లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఐదేళ్లు నిండితే చాలు, రాజీనామా చేసి వెళ్లినా ఇవ్వాల్సిందే. మీ సర్వీసు ఐదేళ్ల పది నెలలు. ఆరు నెలలు దాటింది కనుక ఆరేళ్లుగానే లెక్క. లెక్కల టీచరుకు నేను చెప్పేదేముంది గానీ, చివరి నెల బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500. ఆరేళ్లకు 45,000. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో దరఖాస్తును తోసిపుచ్చడానికి లేదు. రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే కార్మిక శాఖకు వెళ్లండి. అది మీ కష్టార్జితం. పీఎఫ్‌ను మాత్రం కదిలించకండి. ఉద్యోగం లేకపోయినా దానికి వడ్డీ పడుతూనే ఉంటుంది.

ట్యూషన్ల సంగతికి వస్తే, ఇప్పుడే వద్దంటాను. పిల్లలు ట్యూషన్‌కు వచ్చేది సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య. సరిగ్గా అప్పుడే మీ బాబుకు ఆకలి, నిద్ర రెండూ ముంచుకొస్తాయి. మీవారు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు. చంకలో ఏడ్చే పిల్లాడు, ఎదురుగా భిన్నాల దగ్గర ఆగిపోయిన ఆరో తరగతి పిల్ల... ఇద్దరికీ న్యాయం చేయలేక, తప్పంతా మీదేనని రాత్రి కుమిలిపోతారు. అలా చితికిపోయిన టీచర్లను చూశాను. ‘ఖాళీయేగా’ అన్నవాళ్లకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఏడాదిన్నర పిల్లాడున్న ఇంట్లో ఖాళీ ఎక్కడిదమ్మా!

కాకపోతే శనివారం పొద్దున ఒక గంట మాత్రం మీది అని ఇంట్లో చెప్పేయండి. ఆ గంట పిల్లల్ని వాళ్ల నాన్న చూసుకోవాలి. మీరు స్కూలు మానేశాక లెక్కల పుస్తకాలు మారాయి. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి 2024లో, ఏడు, ఎనిమిది తరగతులకు 2025లో ‘గణిత ప్రకాశ్’ తెచ్చింది. పీడీఎఫ్‌లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆరో తరగతి పుస్తకంలో రుణ సంఖ్యల్ని ఒక భవనం, అందులో పైకీ కిందికీ తిరిగే లిఫ్టుతో మొదలుపెట్టారు. అది చదివాక మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో పార్కింగ్‌కు వెళ్లేటప్పుడు, సున్నా కింద ఇంకో అంతస్తు ఉందని పాపకు చూపించండి. వారానికో అధ్యాయం చదివి, దాన్ని క్లాసులో ఎలా మొదలుపెడతారో ఒక పేజీ రాసుకోండి. డెమో క్లాసుకు పిలిచిన రోజున ఆ నోటుపుస్తకం తోడుంటుంది, మీ భయానికి నాకు తెలిసిన మందు ఇదే.

ఎప్పుడు వెళ్లాలంటారా? బాబు నర్సరీలో చేరే ఏడు చూసుకోండి. కొన్ని స్కూళ్లు టీచర్ల పిల్లలకు ఫీజు తగ్గిస్తాయి, ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటపడొద్దు. ఒకావిడ నా దగ్గరికి తెచ్చిన రెజ్యూమెలో, ఇంట్లో ఉన్న మూడేళ్లకు ఎదురుగా ‘నిల్’ అని రాసుకుంది. చూసి ప్రాణం ఉసూరుమంది. ఆ మాట కొట్టించి, ‘పిల్లల పెంపకం కోసం విరామం’ అని రాయించాను. మీరూ అంతే రాయండి. సంజాయిషీ అక్కర్లేదు.

రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ చేతిలో లేకపోతే ఈ వారమే పాత స్కూలుకు వెళ్లి అడగండి. ప్రిన్సిపాల్ మారితే మీ క్లాసులు చూసినవాళ్లు అక్కడ ఉండరు. గ్రాట్యుటీ అర్జీ కూడా అప్పుడే ఇచ్చేసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.