తలంబ్రాలు పడని మనిషి

ప్రశ్న: ‘స్టార్ ట్రెక్’ అనే పాత అమెరికన్ అంతరిక్ష సీరియల్‌ని రీమాస్టర్ చేసినప్పుడు, అంటే పాత ఫిల్ముని మళ్ళీ స్కాన్ చేసి మెరుగుపరిచినప్పుడు, కొన్ని సీన్లలో కంప్యూటర్‌తో చేసిన పాత్రల్ని కలిపారు కదా, అవి కుదిరాయో లేదో ఎట్టా తేల్చుకోవాలి?

అందరూ ముఖం జూమ్ చేసి చూస్తారు. నన్నడిగితే ముందు కాళ్ళు చూడాలి, ఆ తర్వాత పక్కనున్న వాళ్ళని చూడాలి. ఈ సంగతి నాకు మా మేనత్త నేర్పింది. ఆమెకి ఆ సీరియల్ ఒకటుందని కూడా తెలియదు.

మాది కావలి. అత్త కూతురి పెళ్ళి నాటికి మామ లేడు. పెళ్ళి వీడియోలో ఆయన్ని కలిపిస్తామని స్టూడియో వాళ్ళు దానికి విడిగా డబ్బులు తీసుకున్నారు. తుమ్మలపెంట బీచిలో దిగిన పాత ఫోటోలోంచి మామని కత్తిరించి, పీటల వెనక నిలబెట్టి, కాస్త తల ఊపించి నవ్వించారు. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టగానే ఇంటిల్లిపాదీ ఏడుపు. అచ్చం ఆయనే. అత్త మాత్రం ఏడవలా. ఇంకోసారి వెయ్యమని, కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఏందిరా అబ్బయ్యా, మీ మామ చెప్పులేసుకుని పీటల కాడికొచ్చాడా?" అంది.

ఇక ఒక్కొక్కటే బయటపడింది. తలంబ్రాల బియ్యం పురోహితుడి భుజం మీదుంది, లైటు పట్టుకున్న కుర్రాడి జుట్టులో కూడా ఉంది, మామ చొక్కా మీద ఒక్క గింజ లేదు. లైటు ఎడమ పక్క నుంచి కొడుతుంటే ఆయన ముఖాన మిట్టమధ్యాహ్నం ఎండ. అన్నిటికన్నా ఘోరం, పక్కనే నిలబడ్డ సొంత తమ్ముడు వీడియో మొత్తంలో ఒక్కసారి కూడా అన్న వైపు తిరగలా. ఎట్టా తిరుగుతాడు, అక్కడ మనిషి లేడాయె.

ఇప్పుడు మీ ప్రశ్నకొద్దాం. 1967లో వచ్చిన ‘అమోక్ టైమ్’ ఎపిసోడ్ ఉంది. 2006లో మొదలుపెట్టిన రీమాస్టరింగ్‌లో దానికి వల్కన్ గ్రహం దూరపు షాట్ ఒకటి చేర్చారు. పెద్ద రాతి వంతెన, దాని మీద చీమలంత కెప్టెన్ కిర్క్, అతని జట్టులోని స్పాక్, మెకాయ్ నడిచిపోతుంటారు. నా లెక్కలో అది పాస్. వాళ్ళని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, ఎవరూ వాళ్ళ వైపు చూడనక్కర్లేదు, కాసేపటికే అసలు నటులు వచ్చేస్తారు.

అదే ఏడాది వచ్చిన ‘అరీనా’లో గోర్న్ సంగతి వేరు. రబ్బరు తొడుగు వేసుకున్న బల్లి మనిషి వాడు. రీమాస్టర్‌లో వాడి కళ్ళకి రెప్పలు పెట్టి ఆర్పించారు. బలే ఉందన్నవాళ్ళున్నారు, నాకు నచ్చలా. ముఖమంతా రబ్బరులా బిగుసుకుని ఉంటే రెప్పలొక్కటే ఆడతాయి. పైగా ఎదురుగా నిలబడి కొట్లాడుతున్న కిర్క్ ఆ రెప్పపాటుని ఎన్నడూ చూడలేదు. నేనైతే రబ్బరు గోర్న్‌కే ఓటేస్తా. నమ్మకపోతే బ్లూ-రే డిస్కు దొరికితే చూడండి, పాత షాట్లు, కొత్త షాట్లు అందులో మార్చుకుని చూసుకోవచ్చు.

ఎంతైనా వాళ్ళ దగ్గర 35 ఎంఎం ఫిల్ము ఉంది కాబట్టి మళ్ళీ స్కాన్ చేసుకుని ఈ ముచ్చట్లన్నీ తీర్చుకున్నారు. మన దూరదర్శన్ సీరియళ్ళు చాలావరకు వీడియో టేపు మీద తీసినవి. అందులో బొమ్మని కట్టే అడ్డగీతలు కనిపించేవే 576. లేని గీతలు యాడ నుంచి తెస్తారు? అయినా యూట్యూబ్‌లో ఎవరో ఒకరు వాటికి ‘4కే రీమాస్టర్’ అని పేరు పెట్టి ఎక్కించేస్తారు, హీరోయిన్ బుగ్గలు మైనంలా మెరుస్తుంటాయి. చాలనట్టు పాత టీవీల 4:3 కొలత బొమ్మని వెడల్పు టీవీకి సాగదీసి సన్నటి మనిషిని కూడా పీపాలా చేస్తారు. ముందు ఆ సాగదీసింది సరిచెయ్యండయ్యా, కొత్త మనుషుల్ని కలిపే సంగతి తర్వాత చూసుకుందురు.