చట్టాల చిట్టా రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తెలుగుదేశం ప్రభుత్వాలు శాసనసభలో ఏం సాధించాయో చిన్న పుస్తకంగా రాసే పని పార్టీవాళ్లు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. నువ్వు పంపిన చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. భాష బాగుందమ్మా. కానీ ‘చారిత్రక చట్టాలు’ అని నువ్వు వేసిన జాబితాలో కొన్ని అసలు చట్టాలే కావు. సరిదిద్దడం అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

కిలో రెండు రూపాయల బియ్యాన్ని తీసుకో. అది 1983లో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. ఏటేటా సభ పద్దులు మంజూరు చేస్తే నడిచింది. పేదవాడి కంచంలో అన్నం పెట్టిన పథకమది, దానికి వేరే అధ్యాయమే ఇవ్వు, అంతేగాని చట్టాల వరసలో చేర్చకు. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక కరపత్రంలో ఈ తప్పే చేశాను. ఊరి సభలో ఎదుటి పక్షంవాడొకడు లేచి, ఆ చట్టం నంబరెంతో చెప్పమన్నాడు. మా దగ్గర జవాబు లేదు. మిగతాదంతా నిజమే రాశాం, కానీ ఆ సాయంత్రం తర్వాత ఆ కాగితాన్ని ఎవరూ నమ్మలేదు. 1986లో బీసీ రిజర్వేషన్లు 25 శాతం నుంచి 44 శాతానికి పెరిగింది కూడా జీవోతోనే. ఆ ఏడే హైకోర్టు దాన్ని కొట్టేసింది. పెంచారని రాసిన వాక్యం పక్కనే కొట్టేశారన్న వాక్యమూ ఉండాలి.

శాసనమండలిని రాష్ట్రమే రద్దు చేసిందని రాశావు. రాష్ట్రానికి ఆ అధికారం లేదు. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం శాసనసభ తీర్మానం మాత్రమే చేయగలదు, చట్టం చేయాల్సింది పార్లమెంటు. ఇక్కడ సభ 1983లో తీర్మానిస్తే, మండలి రద్దయింది 1985 జూన్ 1న. కాంగ్రెస్ హయాంలో 2007లో అది మళ్లీ వచ్చింది. 2020 జనవరిలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం మళ్లీ రద్దు తీర్మానం చేసి, 2021 నవంబరులో తానే వెనక్కి తీసుకుంది. ఇదంతా నాలుగు వాక్యాల్లో చెప్పు. సభ చేయి ఎంతవరకు సాగుతుందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఊళ్లో భూమి లెక్కలు, శిస్తు వసూలు చూసే కరణం, మునసబు పదవుల రద్దు మీద ఒక్క పేరా రాసి వదిలేశావు. అది చాలదు. 1984 జనవరిలో ఆర్డినెన్సుగా వచ్చింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబడింది, 1985లో చట్టమైంది. ఈ మూడు మెట్లూ చెప్పు. అంతకన్నా ముఖ్యం, అప్పటిదాకా పల్లెలో పొలం కాగితం కావాలంటే ఎవరి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేదో రాయి. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వెళ్లి అడుగు. తాలూకాలు పోయి మండలాలు రావడం, 1986 మండల ప్రజా పరిషత్తుల చట్టం దీనికి కొనసాగింపే కనుక పక్కపక్కనే పెట్టు. తెలుగు విశ్వవిద్యాలయం, లోకాయుక్త చట్టాలకు తలా మూడు వాక్యాలు చాలు.

మద్యనిషేధం దగ్గర జాగ్రత్త. సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లది. రాష్ట్రమంతటా సారాను నిషేధించింది 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం. సంపూర్ణ నిషేధం 1995లో రామారావుగారి ప్రభుత్వం తెచ్చింది. 1997లో దాన్ని సడలించింది కూడా తెలుగుదేశమే. చివరి మాట రాయవద్దని ఎవరైనా అంటే, ఆ అధ్యాయమే తీసేయమను. సగం కథ మీద నీ పేరు వద్దు.

ఇక అన్నిటికన్నా పెద్దది, ఆడపిల్లలకు పిత్రార్జితంలో హక్కు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ. 1986లో 13వ చట్టంగా వచ్చినా, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించింది. వారసత్వం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల విషయం, కేంద్ర చట్టానికి తేడాగా రాష్ట్రం శాసనం చేస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అదీ వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు అన్న మాట దేశంలో మొదట మనదే. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ దారిన నడిచాయి. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇరవై ఏళ్లు ముందున్నాం! ఇక్కడ ఎంత గర్వంగా రాసినా తప్పులేదు.

కానీ ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది. అది అమలులోకి రాకముందే పెళ్లయిన కూతుళ్లకు హక్కు లేదు. మీ అమ్మ పెళ్లి 1984లో, మీ పిన్ని పెళ్లి 1987లో. 1992లో తాతయ్య పొలం పంచినప్పుడు పిన్నికి నాతో సమానంగా వాటా వచ్చింది, అక్కకు రాలేదు. 2005 కేంద్ర చట్టం ఆ పెళ్లి షరతును తీసేసింది గానీ, మా పంపకాలు అప్పటికే రిజిస్టరయి పోయాయి. చట్టం అడ్డం చెప్పింది పంపకాల్లోనే, నా వాటాలోంచి తీసి ఇవ్వడానికి కాదు. నాకు అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే అడుగుతున్నాను, ఆ షరతును పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాచకు. హక్కు ఎవరికి వచ్చిందో చెప్పిన పేరాలోనే ఎవరికి రాలేదో చెప్పు. ప్రతి చట్టానికీ గెజిట్ తెరిచి నంబరు, అమలు తేదీ నీ కళ్లతో చూసుకో. పత్రికల కత్తిరింపుల మీద ఆధారపడకు, బిల్లు సభ దాటిన రోజునే అవి చట్టమైపోయిందని రాసేస్తాయి. నిబంధనలు ఎప్పుడు వచ్చాయో కూడా వెతుకు. అవి రాకపోతే చాలా చట్టాలు కాగితం మీదే ఆగిపోతాయి.

ఆడపిల్లల హక్కు అధ్యాయం పూర్తయ్యాక ముందు మీ అమ్మకు చదివి వినిపించు. ఏమందో నాకు ఉత్తరం రాయి.

మీ మామయ్య