గుమ్మానికున్న మెజూజా తీసి బీరువాలో పెట్టాను... తప్పు చేశానా?

ప్రశ్న: మాది గుంటూరు. ఠాణేలో బెనె ఇజ్రాయెల్ (కొంకణ్ ప్రాంతపు యూదులు) కుటుంబానికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లయింది. పెళ్లికి ముందే యూదు మతం తీసుకున్నాను. 2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడి జరిగినప్పటి నుంచి రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో వార్తలే చూస్తున్నాను. 2008 ముంబై దాడుల్లో అక్కడి యూదు కేంద్రం నారీమన్ హౌస్‌లో జరిగినట్టు మళ్లీ జరిగితే? ఆ టెన్షన్‌తో వీధి గుమ్మానికున్న మెజూజా (ప్రార్థన రాసిన చుట్ట ఉండే చిన్న డబ్బీ) తీసి బీరువాలో పెట్టేశాను. అత్తయ్య నాతో మాటలు మానేశారు. మావారు ఏమీ అనరు. వచ్చే ఏడు బాబుకి బార్ మిత్స్వా (పదమూడేళ్లకు మగపిల్లలకు చేసే యూదు వేడుక) చేయాలి, నేను వద్దంటున్నాను. "మనమేమైనా తప్పు చేశామా అమ్మా, ఎందుకు దాస్తున్నావ్?" అని వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

జవాబు: అమ్మా, మీ భయాన్ని పిరికితనం అనుకోకండి. నారీమన్ హౌస్ మీ ఊరికి లోకల్ ట్రైన్ దూరం. అక్కడ రబ్బీ (యూదు మతగురువు) దంపతులను చంపేస్తే, వాళ్ల రెండేళ్ల బిడ్డను ఆయా ఎత్తుకుని బయటపడింది. పిల్లాడున్న తల్లి అది ఎలా మర్చిపోతుంది? మెజూజా తీసిన రోజు మీ కళ్ల ముందున్నది మీ బాబే. అత్తయ్యకు మాత్రం ప్రార్థననే బీరువాలో పెట్టి తాళం వేసినట్టు అనిపించి ఉంటుంది.

ప్రమాదం గురించి యూదు ధర్మం ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో చూడండి. ప్రాణం కాపాడటానికి షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) నియమాన్ని కూడా పక్కన పెట్టాలి. హనుక్కా పండుగ దీపాలు వీధిలో వెళ్లేవాళ్లకు కనిపించేలా పెట్టాలంటారు కదా, కానీ ప్రమాదకాలంలో ఇంట్లో బల్ల మీద పెట్టుకుంటే చాలని ప్రాచీన రబ్బీలే చెప్పారు. నాకు ఆ మాట ఎంతో ఇష్టం. భయపడే మనిషిని వాళ్లు చిన్నబుచ్చలేదు. దీపం మానేయమనీ అనలేదు. మీ అత్తాకోడళ్ల మధ్య గొడవకు దారి నాకు ఇక్కడే కనిపిస్తోంది.

మెజూజాను బీరువాలోంచి తీయండి. లోపలి గదుల గుమ్మాలకున్న వాటిని కదపకండి. వీధి గుమ్మానికి లోపలివైపు బిగించుకోవచ్చా అని మీ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం)లో ప్రార్థన నడిపించే హజ్జాన్‌ను అడగండి. అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా తీసేశారే, ఆ నొప్పి ఎక్కువ.

ఇంటికొచ్చాక వాళ్ల పూర్వీకుల కథ చెప్పమనండి. కొంకణ్ తీరంలో ఓడ పగిలి ఏడు జంటలే ఒడ్డుకు చేరాయట. పుస్తకాలన్నీ సముద్రం పాలైనా షెమా ప్రార్థన మాత్రం నోట్లో మిగిలిందట. తర్వాత గానుగ ఆడుకుని బతుకుతూ, శనివారం పని చేయనందుకు 'శనివార్ తేలీ'లుగా పేరుపడ్డారు. ముంబైలో వాళ్ల మొదటి సినగాగ్‌ను 1796లో కట్టించిన శామ్యూల్ దివేకర్, టిప్పు సుల్తాన్ చెరలోంచి ప్రాణాలతో బయటపడ్డందుకు మొక్కుగా కట్టించారని చెబుతారు. మొక్కు అంటే ఏమిటో గుంటూరు ఆడపడుచుకు నేను చెప్పాలా? మీరు కోడలిగా అడుగుపెట్టింది ఇలాంటి భయాలు దాటి వచ్చిన ఇంట్లోకి. బాబు కూడా పక్కన కూర్చుని వినాలి.

వాడికి నిజం చెప్పండి. "మనం ఏ తప్పూ చేయలేదు నాన్నా. నాకు భయమేసి దాచాను. ఇకనుంచి ఎలా జాగ్రత్తగా ఉండాలో అందరం కలిసి చూసుకుందాం" అంటే చాలు. బార్ మిత్స్వా మాత్రం మానకండి. మానేస్తే, తానెవరో చెప్పుకోవడమే తప్పని ఆ వయసులో వాడికి నాటుకుపోతుంది. కొద్దిమందితో చేసుకోండి. ఫలానా రోజని వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా పెట్టకండి. గేటు దగ్గర ఎవరుంటారు, పోలీసు బందోబస్తు ఉంటుందా అన్నది సినగాగ్ కమిటీతో మాట్లాడే పని మీవారికి అప్పగించండి. ఏమీ అనకుండా ఉండిపోతున్నారు కాబట్టే ఆయనకు ఆ బాధ్యత ఇవ్వమంటున్నాను. ఆ తర్వాత ఇంట్లో అటుకులు, కొబ్బరి, పళ్లతో ఏలీయా ప్రవక్త పేరున మలీదా నైవేద్యం ఎలాగూ ఉంటుంది.

రాత్రి తొమ్మిది దాటాక వార్తలు చూడొద్దు, ఫోన్ వేరే గదిలో పెట్టండి. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే సైకియాట్రిస్టును కలవండి, లేదా ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి.

ఈ శుక్రవారం పొద్దు వాలకముందే షబ్బాత్ దీపం దగ్గర అత్తయ్య పక్కన నిలబడండి. ఆవిడ పలకరించకపోయినా నూనె మీరు పోయండి.