అన్నం వండాలా, బియ్యం వండాలా?

సందేహం: సంక్రాంతికి మా ఇంట్లో పాతికమందిమి చేరాం. ఏం చేస్తున్నావని మరిది అడిగితే ‘అన్నం వండుతున్నాను’ అన్నాను. ‘వండితేనే కదా వదినా అన్నమయ్యేది, దాన్ని మళ్ళీ వండటమెందుకు? బియ్యం వండు’ అన్నాడు. ఇక పండుగ మూడు రోజులూ అదే ఆటపట్టింపు. గారెలు వేస్తున్నానంటే ‘గారెలు కాదమ్మా, పిండి’ అంటూ మామగారూ అందుకున్నారు. నా మాట తప్పా?

సమాధానం: తప్పు కాదు. వండు, నేయు, కట్టు, తవ్వు వంటి క్రియలకు ముడిసరుకే కాక, ఆ పని వల్ల ఏర్పడే వస్తువు కూడా కర్మ కావచ్చు. ఇల్లు కట్టామంటాం, బావి తవ్వామంటాం. బావి ముందే ఉంటే తవ్వే పనే లేదు.

మీ మరిది వేసిన ప్రశ్న రెండు వేల ఏళ్ళ నాడే పతంజలి రాసిన సంస్కృత వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో ఉంది. ‘ఈ నూలుతో బట్ట నెయ్యి’ అని ఒకడు నేతగానితో అంటాడు. బట్టే అయితే నేయనక్కరలేదు, నేయవలసినదైతే అది ఇంకా బట్ట కాదు కదా అని నేతగాడు తర్కించుకొని, రాబోయే పేరునే ఇతడు ముందుగా వాడుతున్నాడని గ్రహిస్తాడు. పతంజలి దీన్ని ‘భావినీ సంజ్ఞ’ అన్నాడు. వండటమనే క్రియలో బియ్యాన్ని మెత్తబరచడం, అన్నాన్ని సిద్ధం చేయడం అనే రెండర్థాలు ఉన్నాయని కూడా ఆయనే వివరించాడు.

అలాగని ‘బియ్యం వండు’ అనేదీ తప్పు కాదు. దాని చోటు వేరు. పాతికమందికి వంట మొదలుపెట్టేటప్పుడు ‘ఎన్ని కిలోల బియ్యం వండాలి?’ అంటాం గాని ‘ఎన్ని కిలోల అన్నం’ అనం, ఎందుకంటే కొలత ముడిసరుకుది. పొయ్యి మీద ఏముందో చెప్పవలసినప్పుడు మాత్రం అన్నం అనే మాటే సహజంగా వస్తుంది. ఈ తేడాను క్రియారూపం కూడా పాటించడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది: చాలా ప్రాంతాల్లో బియ్యం నిండుకున్నాయి అని బహువచనంలో అంటారు, అన్నం అయిపోయింది అని ఏకవచనంలో అంటారు. గింజలుగా ఉన్నంతసేపే అవి అనేకం.

గారెల సంగతీ ఇంతే. పిండిని నూనెలో వేస్తే గారెలవుతాయి కనుక ‘గారెలు వేయడం’ నిర్దోషమైన ప్రయోగం.

ఇక మరిదిగారి ముందు అరిసెల పనినే ఉదాహరణగా పెట్టండి. ‘అరిసెలకు బియ్యం దంచాం’ అన్నప్పుడు బియ్యం ముడిసరుకు, పిండి ఫలితం. ‘దంపుడు బియ్యం’ అన్నప్పుడు దంచింది వడ్లను, బియ్యమే ఫలితం. ముడిసరుకు పేరే చెప్పాలన్న ఆయన నియమం ప్రకారం రెండో మాటను ‘దంపుడు వడ్లు’గా మార్చుకోవలసి వస్తుంది.