పాత ఫోటోల్లో పెయింటర్లు కోటు వేసుకుని పోజు ఎందుకిస్తారు?

పాత ఫోటోల్లో చిత్రకారులు స్టూడియోలో కోటు, టైతో, చేతికి రంగంటకుండా ఉంటారు, అంతా అబద్ధమేనా అని అడిగారు. పోజే, చాలామటుకు. అలాగని కొట్టిపారేయకండి.

మా నాయన తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర చిన్న గదిలో స్వామివారి పటాలు వేసేవాడు, షాపుల బోర్డులు రాసేవాడు. పనిచోట తీసిన ఫోటో ఒక్కటే ఉంది, 1974 నాటిది. ఆరోజు కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, పెళ్ళికి కుట్టించుకున్న తెల్లచొక్కా తొడుక్కుని, ఎప్పుడో ఆరిపోయిన పటంలో నామం దగ్గర ఉత్త కుంచె ఆనించి నిలబడ్డాడంట, మా అమ్మ చెప్పింది. చాలా ఏళ్ళు నేను ఆయన ముఖమే చూశాను. ఆయన పోయినాక స్కాన్ చేయించి పెద్దది చేస్తే, వెనక గోడకి ఆనించిన చెక్క మీద సగం గీసిన అమ్మవారు, ఆ బొమ్మంతా అడ్డం నిలువు సుద్దగీతలు. గళ్ళు కొట్టి చిన్న బొమ్మను పెద్దది చేసేవాడన్నమాట! నాకు ఊహ తెలిసేసరికి ఆయన చెయ్యి గళ్ళు లేకుండానే నడిచేది. నిలబడింది పోజే గానీ, ఆ గీతల్ని ఎవరూ సర్దలేదు కదా.

కోటు సంగతంటారా, 1880, 90ల్లో ఎడ్మండ్ బెనార్ అనే ఫోటోగ్రాఫర్ పారిస్ చిత్రకారుల స్టూడియోలకు వెళ్ళి తీసిన ఫోటోలు చూడండి, తివాచీలు, అలంకరణ సామాను. బొమ్మలు కొనేవాళ్ళు అక్కడికే వచ్చేవాళ్ళు, కాబట్టి అది షోరూం కూడా, కోటు అందుకే. పైగా కిటికీ వెలుతురులో ఫోటో పడటానికి కాసేపు పట్టేది, ఆలోగా కుంచె కదిపితే చెయ్యి అలికేసినట్టు పడేది.

అందుకే నేను మనిషి వెనక చూస్తాను. 1904లో ఎమిల్ బెర్నార్ అనే చిత్రకారుడు తీసిన ఫోటోలో ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ పని చేస్తున్నట్టు నటించకుండా ఊరికే కూర్చుని ఉంటాడు, వెనక స్నానం చేసే ఆడవాళ్ళ పెద్ద చిత్రం. ఏళ్ళ తరబడి దిద్దుతూ వచ్చిన ఆ చిత్రం ఆనాటికి ఎంతదాకా వచ్చిందో ఆ ఫోటోలో తెలుస్తుంది. 1937లో ఫోటోగ్రాఫర్ డోరా మార్ అయితే పికాసో గెర్నికా అనే పెద్ద చిత్రం వేస్తుంటే దశలవారీగా తీసింది, ఆయన ఏది చెరిపి ఏది మళ్ళీ గీశాడో వరసగా చూడొచ్చు.

మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే ఫోన్‌తో తీసి వదిలేయకండి, స్కానర్ మీద 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) తీయించండి. నాకు సుద్దగీతలు కనబడింది అప్పుడే.