కుర్ర పిచర్‌లో సరుకు లేదని రాసే ముందు: మేనల్లుడికి ఉత్తరం

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పిన, మీ బేస్‌బాల్ క్లబ్‌లో పిచర్‌గా బంతి విసిరే కుర్రాడి విషయం ఇంకా నా బుర్రలోంచి పోలేదు. ఇరవై ఏళ్లవాడు, పోయినేడు గంటకి 95 మైళ్ల వేగంతో వేసినవాడు ఈ ఏడాది 92 దాటడం లేదు, సోమవారం మీటింగ్‌లో తీసెయ్యాల్సిన వాళ్ల జాబితాలో వాడి పేరు ఉండబోతోంది, ఆ జాబితాకి అంకెలు సిద్ధం చెయ్యాల్సింది నువ్వు. ఏం చెయ్యమంటావు మావయ్యా అని అడిగావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ఏ క్లబ్ దగ్గరా జీతం తీసుకున్నవాణ్ని కాదు. 1983లో, బాల్టిమోర్ జట్టు ఓరియోల్స్ వరల్డ్ సిరీస్ (ఇక్కడి బేస్‌బాల్ ఫైనల్) గెలిచిన ఏడాదే, ఆ ఊరి పక్కకి వచ్చాను. అప్పట్నుంచి ఆ జట్టునే చూస్తున్నాను, పద్దెనిమిదేళ్లు మా పార్కులో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకి పిచింగ్ నేర్పాను. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ఒకటే. కుర్రాడిలో సత్తా ఉందని గుర్తుపట్టడం ఒక పని, ఆ సత్తాని కాపాడి పెంచడం ఇంకో పని. రెండో పనిలో మనం చేసిన తప్పు కాగితం మీదికి వచ్చేసరికి మొదటి పనిలో తప్పులాగే కనిపిస్తుంది. వాడిలో సరుకు లేదు అని రాసేసుకుని ముందుకెళ్లిపోతాం. సరుకు ఉందిరా, మనమే పాడుచేశాం అని ఎవరూ రాసుకోరు.

ఓరియోల్స్ సంగతే తీసుకో. 2007లో ఆండీ మెక్‌ఫెయిల్ జట్టు పగ్గాలు తీసుకున్నాక పిచర్లను మనమే పెంచుకుందాం, బ్యాటర్లను బయట కొనుక్కుందాం అన్నది వాళ్ల పద్ధతి. ఆలోచన తప్పు కాదు, పెద్ద పిచర్లను బయట కొనాలంటే న్యూయార్క్ జట్టుతో డబ్బులో పోటీ పడలేం కదా. జేక్ అరియెటా, బ్రయన్ మాటుస్, క్రిస్ టిల్‌మన్, జాక్ బ్రిటన్, ఈ నలుగురూ 2009 నుంచి 2011 లోపల బాల్టిమోర్‌లో మౌండ్ (పిచర్ నిలబడి వేసే దిబ్బ) ఎక్కారు. మేమంతా ఎంత ఆశపడ్డామో నీకు చెప్పలేను. 1971లో ఇదే జట్టులో పామర్, మెక్‌నాలీ, క్వెయార్, డాబ్సన్ అని నలుగురు పిచర్లు ఒకే ఏడాది తలా ఇరవైకి తగ్గకుండా గేములు గెలిచారు, ఇక్కడి పాతవాళ్లు ఆ మాట ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. ఆ రోజులు మళ్లీ వస్తున్నాయనుకున్నాం.

రాలేదు. ఎందుకు రాలేదో చూడు.

అరియెటా 2007 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఐదో రౌండ్‌లో వచ్చినవాడు. అతని అడుగు నేరుగా ప్లేట్ వైపు, అంటే బ్యాటర్ వైపు, పడేది కాదు, పక్కకి మూడో బేస్ వైపు పడేది, అక్కణ్నుంచి ఒంటికి అడ్డంగా చెయ్యి తిప్పి వేసేవాడు. చూడ్డానికి తప్పులా ఉండేది. ఇక్కడ దాన్ని సరిచెయ్యాలని చూశారు, అడుగు నేరుగా పెట్టించబోయారు. ఓరియోల్స్‌లో ఉన్నంతకాలం కలిపి అతని ఈఆర్ఏ 5.46, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎదుటి జట్టుకి ఇచ్చిన పరుగులు అయిదున్నర, ఇది ఎంత తక్కువైతే అంత మేలు. 2013 జూలైలో అతన్నీ, పెడ్రో స్ట్రాప్‌నీ కలిపి స్కాట్ ఫెల్డ్‌మన్, స్టీవ్ క్లెవెంజర్ కోసం షికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. అక్కడివాళ్లు అతన్ని అతనికి వచ్చినట్టే వెయ్యనిచ్చారు. 2015లో 22 గెలుపులు, ఆరు ఓటములు, ఈఆర్ఏ 1.77, ఏటా మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు. 2016లో కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అందులో రెండు గేములు అతనివే. అదే చెయ్యి, అదే మనిషి.

మన బుమ్రాని ఎవరైనా అకాడమీలో పట్టుకుని, బాబూ ఆ మోచెయ్యి అలా తిప్పకూడదు, నలుగురిలా పరుగెత్తి వెయ్యి అని రెండేళ్లు రుద్ది ఉంటే ఏమయ్యేదో నువ్వే ఊహించుకో. నువ్వు గుంటూరులో ఫాస్ట్ బౌలింగ్ వేసినవాడివి, నీకు నేను చెప్పక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు అంటారు, పిచింగ్ కోచ్‌లు దాదాపు అందరూ ఆ నమ్మకంతోనే ఉంటారు, కుర్రాడు చిన్నగా ఉండగానే వంచాలని. వంచాల్సినవి లేకపోలేదు. కానీ ఆ వంకరలోనే వాడి బలం ఉందా లేదా అన్నది చూడకుండా వంచితే మొక్క విరుగుతుంది.

ఇది నేను చేసిన పాపం కాబట్టి చెబుతున్నాను. మా పార్కులో పదమూడేళ్ల ఎడమచేతి కుర్రాడు ఒకడు ఉండేవాడు. చెయ్యి బాగా పక్కకి వాల్చి, దాదాపు నడుము ఎత్తు నుంచి వేసేవాడు, బంతి ఎటునుంచి వస్తోందో తెలియక అవతలి పిల్లలు గాల్లో బ్యాట్ ఊపేవాళ్లు. నేను అప్పటికి కోచింగ్ మీద ఏవో నాలుగు పుస్తకాలు చదివి ఉన్నాను, భుజం పైనుంచి వెయ్యాలని ఉంది వాటిలో, ఆరు వారాలు కూర్చోబెట్టి నిలబెట్టి వాడి చెయ్యి పైకెత్తించాను. వాడు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. స్ట్రైకులు (బ్యాటర్‌కి అందే చోట పడే సరైన బంతులు) పడటం మానేశాయి, బ్యాటర్ మీదికి వేసేశాడు ఒకట్రెండు సార్లు, తర్వాత భయపడి చెయ్యి కూడా పూర్తిగా విడిచేవాడు కాదు. మరుసటి ఏడాది రాలేదు. సాకర్‌లో చేరాడని వాళ్లమ్మ దుకాణంలో కనబడి చెప్పింది. ఆ ఏడాది చివర వాడి పేరు పక్కన ‘కంట్రోల్ లేదు’ అని రాసింది నేనే, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇప్పుడు మాటుస్ సంగతి, ఇది నీ కుర్రాడికి బాగా దగ్గర. 2008 డ్రాఫ్ట్‌లో మొత్తం మీద నాలుగోవాడు, ఎడమచేతి వాటం. 2011 మొదట్లో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి కొన్ని నెలలు ఆగిపోయాడు, తిరిగి వచ్చేసరికి ఫాస్ట్‌బాల్‌లో ఆ వేగం లేదు. అయినా వేయించారు. పన్నెండు స్టార్ట్‌లు (గేమ్‌ని మొదలుపెట్టే పిచర్‌గా దిగడం), ఈఆర్ఏ 10.69. ప్రతి అయిదో రోజూ టీవీలో చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. వేగం తగ్గడం అనేది జబ్బు కాదురా, జ్వరం లాంటిది. లోపల ఇంకేదో ఉంటేనే పైకి అది కనిపిస్తుంది. భుజమా, నడుమా, బరువు తగ్గాడా, నిద్ర లేదా, నొప్పి ఉన్నచోట తెలియకుండానే చెయ్యి దాచుకుంటున్నాడా, ముందు అది తేల్చాలి. ఆ తర్వాత మాటుస్‌ని బుల్‌పెన్‌కి, అంటే గేమ్ మధ్యలో దిగే పిచర్ల గుంపులోకి, మార్చి, ఎక్కువగా ఎడమచేతి బ్యాటర్ల మీదికి పంపిస్తే బాగా పనికొచ్చాడు, డేవిడ్ ఓర్టిజ్ అంతటివాడు కూడా అతని ముందు తడబడ్డాడు.

ఇంకొకటి గమనించు. 2008 నుంచి 2013 లోపల ఆ జట్టుకి ముగ్గురు పిచింగ్ కోచ్‌లు మారారు. మైనర్ లీగ్‌లో, అంటే కుర్రాళ్లు తయారయ్యే కింది లీగుల్లో, ప్రతి మెట్టు దగ్గరా ఇంకో కోచ్ ఉంటాడు. ఒకడు కాలు ఎత్తమంటాడు, ఇంకొకడు దించమంటాడు, పైనుంచి మూడోవాడు గ్రిప్ మార్చమంటాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇదంతా ఎంత టెన్షనో వాళ్లకి పట్టదు, ఎందుకంటే ఎవడి సలహా వాడికి మంచిదే. మీ క్లబ్‌లో నువ్వు చెయ్యగలిగిన పెద్ద మేలు, నీ లెక్కలన్నిటికంటే పెద్దది, ఒక్కో కుర్రాడికి ఎవరు ఎప్పుడు ఏం మార్చమన్నారో తేదీతో సహా ఒకచోట రాసిపెట్టడం. ఆ పని చాలా చోట్ల ఎవరూ చెయ్యరు.

డిలన్ బండీ గురించి కూడా చెప్పాలి. 2011 డ్రాఫ్ట్‌లో నాలుగోవాడు, హైస్కూల్ నుంచి నేరుగా వచ్చాడు, 2012లో పందొమ్మిదేళ్లకే మేజర్ లీగ్‌లో కనిపించాడు. అతని దగ్గర మంచి కట్టర్ (చివర్లో కాస్త పక్కకి జరిగే ఫాస్ట్‌బాల్) ఉండేది. అయితే కట్టర్ వేస్తే ఫాస్ట్‌బాల్ వేగం పోతుందని అప్పటి యాజమాన్యం నమ్మకం, అందుకని మైనర్ లీగ్‌లో వెయ్యొద్దన్నారు. ఒక నియమం పెట్టి అందరి చేతులకీ ఒకటే తాళం వెయ్యడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 2013లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ (దెబ్బతిన్న లిగమెంట్‌ని మార్చేది) అయింది. దానికి కట్టర్ ఆపడం కారణమని నేను అనడం లేదు, అలా అనకూడదు కూడా. కానీ అతను సంతకం చేసినప్పుడే మేజర్ లీగ్ కాంట్రాక్ట్ ఇచ్చేశారు, దాంతో గాయంతో కూర్చున్న ఏళ్లు కూడా లెక్కలోకి వచ్చేసి 2016 నాటికి అతన్ని మైనర్స్‌కి పంపే ఆప్షన్లు (క్లబ్‌కి లెక్కగా ఉండే అవకాశాలు) అయిపోయాయి. రెండున్నరేళ్లు సరిగ్గా ఆడని కుర్రాడు నేర్చుకోవాల్సిన పాఠాలు బాల్టిమోర్‌లో, నలభై వేల మంది పట్టే స్టేడియంలో నేర్చుకోవాల్సి వచ్చింది. కాంట్రాక్ట్ కాగితం కూడా కుర్రాడిని పెంచుతుంది, లేదా కుంగదీస్తుంది. అంకెలు చూసేటప్పుడు అది కూడా పక్కన పెట్టుకో.

ఇదే జట్టులో ఎర్ల్ వీవర్ మేనేజర్‌గా ఉన్న రోజుల్లో పద్ధతి వేరు. కొత్త పిచర్‌ని ముందు బుల్‌పెన్‌లో, గేమ్ చేజారిపోయినప్పుడు రెండు మూడు ఇన్నింగ్స్ వెయ్యడానికి దింపేవాడు. ఓడిపోయే గేమ్‌లో తప్పు చేస్తే ఎవరూ తిట్టరు కదా. ఇప్పుడు అంత తీరిక ఎవరికీ లేదు, కానీ ఒత్తిడి తక్కువున్న చోట మొదలుపెట్టించడం అనే మాట మాత్రం పాతబడలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అది ఈ ఊళ్లో కళ్లారా చూశాను. జాష్ హేడర్ బాల్టిమోర్ పక్కనే ఉన్న హైస్కూల్ కుర్రాడు, 2012లో పందొమ్మిదో రౌండ్‌లో తీసుకున్నారు, ఏడాది దాటిన కొద్ది రోజులకే బడ్ నారిస్ కోసం హ్యూస్టన్‌కి ఇచ్చేశారు, తర్వాత అతను దేశంలోకెల్లా మంచి క్లోజర్లలో (గేమ్ చివర్లో వచ్చి గెలుపు కాపాడే పిచర్లలో) ఒకడయ్యాడు. ఎడ్వార్డో రోడ్రిగెజ్‌ని 2014లో బోస్టన్‌కి పంపారు. అందుకు వచ్చిన ఆండ్రూ మిల్లర్ ఆ ఏడాది చాలా సాయపడ్డాడు, ఆ బేరాన్ని నేను తప్పుపట్టను. కెవిన్ గాస్‌మన్‌ని కింది లీగ్ జట్టున్న నార్‌ఫోక్‌కీ బాల్టిమోర్‌కీ మధ్య ఏళ్ల తరబడి తిప్పి తిప్పి 2018లో అట్లాంటాకి ఇచ్చేశారు, చివరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాక, తన స్ప్లిటర్‌ని, అంటే చివర్లో కిందికి దిగే బంతిని, నమ్ముకుని ఆల్‌స్టార్ అయ్యాడు. చూశావా, వీళ్లందర్నీ గుర్తుపట్టి తెచ్చింది బాల్టిమోర్ స్కౌట్‌లే (కుర్రాళ్లని వెతికేవాళ్లు). వాళ్ల కళ్లు మంచివే.

ఇంకా చెప్పాలంటే హేడర్ లాంటివాడికి ఇప్పుడు చోటు దొరకడమే కష్టం. అప్పుడు నలభై రౌండ్లున్న డ్రాఫ్ట్ ఇప్పుడు ఇరవై రౌండ్లే, 2024 నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఖ్యని కూడా క్లబ్‌కి 165కి తగ్గించారు. స్థలం తగ్గింది కాబట్టి ఓపిక కూడా తగ్గింది. నీ జాబితా సోమవారానికే కావాలనడానికి కారణం అదే, అది నాకు అర్థమవుతుంది.

బ్రిటన్ గురించి చెప్పకపోతే అన్యాయం. మైనర్ లీగ్‌లో కట్టర్ గ్రిప్ నేర్చుకోబోతే అతని చేతిలోంచి బంతి కిందికి దిగడం మొదలుపెట్టింది. నేను నేర్పింది ఇది కాదు అని దాన్ని ఎవరూ ఆపలేదు. స్టార్టర్‌గా నిలదొక్కుకోలేకపోయాడు, 2014లో బుల్‌పెన్‌కి మార్చారు, 2016లో 47 అవకాశాల్లో 47 సేవ్‌లు (చివర్లో గెలుపు కాపాడటం), ఈఆర్ఏ 0.54. వాడి చెయ్యి ఏం చెబుతోందో వింటే ఇలా కూడా జరుగుతుంది, ఇదే జట్టులో.

సరే, నీ కుర్రాడి దగ్గరికి వద్దాం. వాణ్ని 95 వేసే మిగతావాళ్లతో పోల్చకు, పోయినేడు వాడితోనే పోల్చు. చెయ్యి బంతిని వదిలే ఎత్తు మారిందా, మొదటి ఇన్నింగ్స్‌లో వేగం ఎంత, నాలుగో ఇన్నింగ్స్‌లో ఎంత, రెండేళ్ల వీడియోలు ఒకే కోణంలో పక్కపక్కన పెట్టి చూడు. ట్రైనర్‌ని భుజం ఎంత తిరుగుతోందో అడుగు. కుర్రాడితో నువ్వు నేరుగా మాట్లాడు. వాడిది డొమినికన్ అన్నావు, కాబట్టి స్పానిష్ వచ్చిన మనిషిని వెంట పెట్టుకో, ఇంగ్లీషులో అడిగితే వాడు అన్నిటికీ ‘గుడ్, గుడ్’ అంటాడు. నొప్పి ఉందంటే ఇంటికి పంపేస్తారన్న భయం ఆ పిల్లల్లో ఎంత ఉంటుందో నీకు ఇంకా తెలియదు.

నువ్వు మాటల మధ్యలో ఒకటి అన్నావు, నీకు గుర్తుందో లేదో. శీతాకాలంలో వేగం పెంచడానికి వాడికి బరువు బంతులతో ప్రోగ్రామ్ చేయించారని. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 92కి కాస్త తక్కువ, ఇప్పుడు 94 దాటింది, అందరూ దాని వెంటే పడ్డారు. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ విడుదల చేసిన నివేదికలో కూడా పిచర్ల గాయాలకి ఈ వేగం వెంట పరుగూ, ప్రతి బంతీ పూర్తి బలంతో వెయ్యడమూ కారణాలని నిపుణులు చెప్పారు. ఆ ప్రోగ్రామ్ వల్లే అయిందని నువ్వూ నేనూ తేల్చలేం. కానీ అది మొదలైన తేదీ, ఆగిన తేదీ, వారం వారం వాడి వేగం, ఈ మధ్యలో ఎవరెవరు ఏం మార్చమన్నారో, ఇవన్నీ ఒకే కాగితం మీద పెట్టు. మీటింగ్‌లో ‘వేగం తగ్గింది’ అన్న ఒక్క ముక్క కాకుండా ఆ కాగితం అందరి ముందూ ఉండాలి. అది చూశాక కూడా తీసెయ్యాలనుకుంటే అది పెద్దవాళ్ల నిర్ణయం. కనీసం భుజానికి స్కాన్ అయ్యేదాకా ఆగమని మాత్రం గట్టిగా అడుగు. కొత్తవాడివని నోరు మూసుకోకు.

ఆదివారం రాత్రి ఎనిమిది తర్వాత నేను ఖాళీనే. కాగితం తయారయ్యాక ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని ఒకసారి చూద్దాం. అక్కకి నేను అడిగానని చెప్పు.

మీ మావయ్య